పిండేసిన నిమ్మచెక్కలు

పోశవ్వ నేరం ఒప్పుకుంది. డిటెక్టివ్ యమునకు అనుమానం మొదలైంది కూడా అక్కడే.

“నేనే పెట్టిన. గుమ్మడికాయ నాదే, నిమ్మకాయలు నావే, కుంకుమ నాదే. ఆ సారు బండి దాని మీదికెక్కి జారింది. రాసుకో పో,” అంది పోశవ్వ, గిలాసలు కడగడం ఆపకుండానే.

“నేను పోలీసును కాదు అవ్వా. రాసుకునే పని నాకు లేదు.”

“మరెందుకొచ్చినవ్?”

“చాయ తాగుదామని. లెమన్ టీ ఉందా?”

పోశవ్వ ఒకసారి ఎగాదిగా చూసి స్టవ్ వెలిగించింది. అరవై దాటిన మనిషి. మడికొండ పోయే తొవ్వలో మలుపు దగ్గర ఆమె టీ బండి. బండికి ఎదురుగా, రోడ్డు ఎడమ అంచున, కల్వర్టు కోసం తవ్వి వదిలేసిన గుంత. శనివారం చీకటి పడ్డాక సదానందం అనే పెద్దమనిషి స్కూటర్‌తో సహా ఆ గుంతలో పడ్డాడు. తల సిమెంటు దిమ్మెకు తగిలింది. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది.

సదానందం డోర్నకల్ లో రైల్వే గేట్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. రిటైరయ్యాక నోరు మూసుకుని కూర్చోలేదు. బస్తీ రోడ్డు భద్రతా కమిటీలో చేరి, ఎక్కడ లైటు లేదు, ఎక్కడ బోర్డు లేదు అని అడగడం మొదలుపెట్టాడు. అడిగేవాడంటే ఈ దేశంలో ఏ ఆఫీసుకూ పడదు. ఆయన కూతురు రాజశ్రీ పొద్దున యమునను పట్టుకుని ఏడుస్తూ ఒకే మాట చెప్పింది.

“శనివారం పొద్దంత నాయిన గదే అన్నడు మేడం. ‘అన్ని బోర్డులకు ఒకటే సొట్ట ఎట్ల ఉంటది బిడ్డా?’ అని. గదేందో నాకు సమజ్ కాలే.”

యమునకూ సమజ్ కాలేదు. అందుకే ఇక్కడికి వచ్చింది. సాయంత్రానికల్లా పోశవ్వను తీసుకుపోతానని ఎస్సై కిషన్ రావు చెప్పాడు. రోడ్డు మీద దిష్టి గుమ్మడికాయ పగలగొట్టి ఒకరి చావుకు కారణమైందని కేసు.

పోశవ్వ నిమ్మకాయ కోసింది. గ్లాసులోకి పిండింది. పిండిన చెక్కను పారెయ్యలేదు. స్టవ్ పక్కనున్న రేకు డబ్బాలో వేసింది.

యమున ఆ డబ్బా వైపు చూసి, చూడనట్టు టీ అందుకుంది.

“దిష్టి ఎవరికి తీసినవ్ అవ్వా?”

“మా మనవనికి.”

“యాడుంటడు?”

“ఏటూరునాగారంల. తల్లి దగ్గర.”

“పిల్లగాడు ఏటూరునాగారంల, దిష్టి ఈడ. ఫోన్ల తిప్పినవా?”

పోశవ్వ మళ్ళీ గిలాసలు కడగడం మొదలుపెట్టింది.

“అమాస కాదు, ఆదివారం కాదు. శనివారమెందుకు తీసినవ్?”

“నా ఇష్టం.”

“రోజూ తీస్తవట కద. ఆటోలోళ్ళు చెప్పిన్రు. రోజూ దిష్టి తగిలే మనవడు మరీ అంత అందగాడా?”

“నీకేం పని లేదా? టీ తాగి పో.”

యమున గ్లాసు కింద పెట్టి, చెయ్యి చాపి ఆ రేకు డబ్బా తీసింది. పోశవ్వ ఆపేలోపే మూత తెరిచింది. లోపల పిండిన నిమ్మచెక్కలు. కొన్నిటికి అప్పటికే కుంకుమ అద్ది ఉంది.

“రసమంత గిరాకీలకు తాపిచ్చి, ఉత్త చెక్కలు దేవునికా? పిండిన చెక్కతోటి ఏ దిష్టి పోతది అవ్వా?”

గిలాసల మీద పోశవ్వ చెయ్యి ఆగింది. అటూ ఇటూ చూసింది.

“మెల్లగనవే తల్లీ. ఎవరన్న ఇంటరు.”

“అయితే మెల్లగనే చెప్పు.”

“ఆ గుంత తవ్వి రెండు నెలలాయె. తవ్వినోళ్ళు పోయిన్రు. తర్వాత రవాణా విభాగపోళ్ళు ఒక బోర్డు తెచ్చి పెట్టిన్రు. ఫోటో దిగిన్రు. బోర్డు మళ్ళ బండిలేసుకొని పోయిన్రు. గా వారమే మరమగ్గాల కాడ పని చేసే పిల్ల పడి కాలిరగ్గొట్టుకుంది, నా కండ్ల ముందట. నేను డ్రమ్ము అడ్డం పెట్టిన. తెల్లారేసరికి డ్రమ్ము లేదు. కొమ్మలు పెట్టిన. పొయ్యిలకని ఎత్తుకపోయిన్రు. ఎర్ర గుడ్డ కట్టిన. గుడ్డ కూడ వదలలే, ముండాకొడుకులు. ఇగ ఈ జనం ముట్టందేంది, తొక్కందేంది అని కూసోని ఆలోచన చేసిన.”

యమునకు నవ్వు రాబోయి ఆగిపోయింది.

“మార్కెట్ల పారేసిన గుమ్మడికాయ ఏదో ఒకటి దొరుకుతది. చెక్కలు నా బండివే. చీకటి పడంగనే గుంత ముందట పెడ్త. గప్పటిసంది ఒక్కడు పడలే. కారోడు తప్పుకుంటడు, లారోడు తప్పుకుంటడు. సదువుకున్న పోరలైతే దండం పెట్టుకొని తప్పుకుంటరు.”

“మరి ఈ సంగతి ఎస్సైకి చెప్పకపోతివి?”

“చెప్తే? పొద్దుగాల పేపర్ల వస్తది. పోశవ్వ పెట్టేది ఉత్తదే అని అందరికి తెలుస్తది. ఇగ ఎవడు తప్పుకుంటడు?” పోశవ్వ గొంతు గట్టిపడింది. “జైల్ల కూసుంటే నేనొక్కదాన్నే కూసుంట. ఇది బయటపడితే ఎంతమంది పడ్తరో నాకెరుకనా? ఒట్టు పెట్టు. ఎవ్వరికి చెప్పనని ఒట్టు పెట్టు బిడ్డా.”

యమున ఒట్టు పెట్టింది. ఆ క్షణమే తన చేతులు తానే కట్టేసుకుందని ఆమెకు తెలుసు.

పోలీసు జీపు వచ్చి ఆగింది. ఇద్దరు కానిస్టేబుళ్ళతో కిషన్ రావు దిగాడు. చెడ్డవాడు కాదు. తొందరున్నవాడు. తొందరున్న పోలీసుకు దొరికినవాడే దొంగ.

“యమున గారూ, మీరు ఈడ కూడ తయారా? ఆమె ఒప్పుకున్నది. ఇంక మీకేం మిగిలింది పరిశోధించనీకి? టీల చక్కెర సరిపోయిందో లేదోనా?”

“రోడ్డు మిగిలింది సార్. మీరు మనుషులనే అడిగిన్రు. రోడ్డును అడగలే.”

“రోడ్డు ఏం చెప్తది?”

“రాండ్రి, చెప్పిస్త.”

గుంత ముందు ఎడమ అంచున ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది. తారు మీద కుంకుమ మరక. పాతది. పొర మీద పొర పడి నల్లబడింది. అక్కడి నుంచి రోడ్డు మధ్యకు ఎండిన గుమ్మడి గుజ్జు చారలాగా సాగింది. చార పొడుగునా గింజలు అతుక్కుని ఉన్నాయి. నడి రోడ్డు మీద ఇంకో మరక. అది కొత్తది. ఒకే పొర.

“పాత మరక యాడుంది? అంచున. కొత్తది యాడుంది? నడి మధ్యల. రోజూ గుంత ముందట ఉండే దిష్టి శనివారం ఒక్కనాడే నడి తొవ్వకు ఎట్ల నడిచొచ్చింది?”

“కుక్కలు గుంజి ఉంటయ్.”

“కుక్కలు గుమ్మడికాయ తింటయా సార్?”

“ఆకలైతే ఏదన్న తింటయ్.”

“సరే, కుక్కనే అనుకుందాం. స్కూటర్ దాని మీదికెక్కి జారిందన్నరు. పొద్దున మీ స్టేషన్ల స్కూటర్ టైర్లు చూసిన. గుజ్జు లేదు. ఒక్క గింజ లేదు. గుంతల నీళ్ళల్ల కడుక్కపోయిందంటరేమో. ముందు టైరు నీళ్ళకు అందలే, మట్టిల కూరుకున్నది. మీ ఫోటోల్లనే ఉంది.”

కిషన్ రావు టోపీ సర్దుకున్నాడు. ఈసారి వెటకారం రాలేదు.

“అంటే జారలేదంటరా?”

“తప్పుకున్నడు. ఈ ఊర్ల ఎవడైనా చేసేదే చేసిండు. మధ్యల దిష్టి కనబడ్డది. కుడి పక్క ఎదురుంగ లారీలు. ఎడమకు కోసిండు. ఎడమకు ఏముంది?”

ఇద్దరూ గుంత వైపు చూశారు.

“ఈ తొవ్వకు సదానందం గారు కొత్త. గుంత సరిగ్గ యాడున్నదో ఎరుక లేదు. అసలు ఆ టైముకు ఈడికి ఎందుకొచ్చిండు?”

“ఫోన్ చూసినం. రవాణా విభాగం ప్రాజెక్టు ఆఫీసర్ ఓంప్రకాశ్ సారు రమ్మన్నడు. మడికొండ మలుపుల బోర్డు ఉన్నది, వచ్చి చూసుకోండ్రి అని. మళ్ళ తనకే పని పడి రాలేకపోయిండట. పాపం ఆయన కూడ మస్తు బాధ పడ్డడు.”

“రాలేదా?”

“రాలేదని రాసిచ్చిండు.”

యమున లేచి మోకాళ్ళు దులుపుకుంది. “పోశవ్వా! శనివారం నువ్వు దిష్టి పెట్టినంక యాడికన్న పోయినవా?”

“నీళ్ళకు పోయిన. బోరింగు కాడ లైన్ ఉండె. నేను వచ్చేసరికి జనం గుమిగూడి ఉన్నరు.”

“వచ్చినంక కొత్తగ ఏమన్న కనబడ్డదా?”

“ఏముంటది?” పోశవ్వ ఆలోచించింది. “బండి ఎనక కంకర కుప్ప మీద ఎవడో బూట్లు ఇడిసిపోయిండు. గంతే.”

“బూట్లా? ఉన్నయా ఇంక?”

“ఎందుకుండవు? దిష్టి తొక్కి ఇడిసినయి. ఎవడు ముట్టుతడు?”

ముగ్గురూ బండి వెనక్కి నడిచారు. కంకర కుప్ప మీద రెండు నల్ల బూట్లు, పక్కపక్కన, గుడి ముందు విప్పినంత పద్ధతిగా. మేజోళ్ళు కూడా లోపలే కుక్కి ఉన్నాయి. పక్కనే పోశవ్వ కడుగుడు నీళ్ళ తొట్టి ఒకటి.

“చూసిన్రా సార్?” అంది యమున. “డ్రమ్ము ఒక్క రాత్రి నిలువలే. ఎర్ర గుడ్డ నిలువలే. మూడు వేల రూపాయల బూట్లు రెండు రోజులు నిలిచినయ్.”

ఆమె కర్చీఫుతో కుడి బూటు ఎత్తింది. అడుగున కాదు, లోపలి పక్కన మడమ దాకా గుజ్జు ఎండి పసుపుపచ్చగా అట్టకట్టింది. మధ్యలో రెండు గింజలు.

“తొక్కితే అడుగుకు అంటుతది. పక్కకు అంటిందంటే కాలితో నెట్టిండు. చేత్తో ముట్టనీకి భయం. నెట్టినంక ఆ బూట్లు ఇంటికి తీస్కపోనీకి భయం. ఈడనే కాళ్ళు కడుక్కొని, బూట్లు ఇడిసి, ఎనకకు చూడకుండ పోయిండు.”

కిషన్ రావు బూటును తిప్పి చూశాడు. మడమ వెనక నారింజ రంగు పట్టీ. లైటు పడితే మెరిసేది.

“ఇది…” అని ఆగిపోయాడు.

“చెప్పండ్రి.”

“రోడ్డు భద్రతా వారోత్సవాలల్ల రవాణా విభాగం వాళ్ళ ఆఫీసర్లకు ఇచ్చిన బూట్లు. కానీ గా బూట్లు పది పదిహేను మందికి ఉంటయ్.”

అప్పుడే మైకు చప్పుడు వినిపించింది. రవాణా విభాగం వ్యాను వచ్చి ఆగింది. బ్యానర్ విప్పారు: ‘మూఢనమ్మకాలు వద్దు, రోడ్డు భద్రత ముద్దు.’ మనిషి చచ్చిన మూడో రోజుకే గుంత పూడ్చడం చేతకానివాళ్ళకు బ్యానర్ కొట్టించడం చేతనైంది. గుంతకు రెండు గజాల దూరంలో నిలబడి ఓంప్రకాశ్ మైకు అందుకున్నాడు. చుట్టూ పోగైన జనం పాతిక మంది దాకా ఉంటారు.

“ఒక పెద్దమనిషి ప్రాణం పోయింది. దేనివల్ల? గుంత వల్ల కాదు. దిష్టి వల్ల! ఈ రోజుల్లో కూడా నిమ్మకాయకు భయపడితే ఎట్ల? తొక్కండి! భయం లేకుండ తొక్కండి!”

యమున ఆయన ముఖం చూడలేదు. కాళ్ళు చూసింది. పక్కన నిలబడ్డ నలుగురు సిబ్బంది కాళ్ళకూ నారింజ పట్టీ బూట్లే. ఆయన కాళ్ళకు కొత్త తోలు చెప్పులు.

ఆమె నేరుగా జనం మధ్యలోకి నడిచింది. బూట్లు ఆయన ముందు పెట్టింది.

“సార్, మీ బూట్లేమైనయ్?”

“ఎవరమ్మా మీరు?”

“డిటెక్టివ్ యమున. బూట్లు అడిగిన.”

“గుడి ముందట పోయినయ్. దొంగతనం.”

“అయ్యో. అయితే ఇవి తొడుక్కోండ్రి. ఎవరివో తెల్వదు. దిష్టి తొక్కి ఇడిసిపోయిండు. మీకు పట్టింపు లేదు కద.”

ఓంప్రకాశ్ ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ అడుగును జనమంతా చూశారు.

“ఇదేం తమాషా? తీసేయండి.”

“తొక్కండి అన్నరు కద సార్, ఇప్పుడే, మైకుల. ఉత్తగ కాలు పెట్టుండ్రి. సైజు సరిపోతదో లేదో చూస్తం.”

“నేను ముట్టను!”

ఎవరో వెనక నుంచి “ఓ సారూ, భయమైతాందా?” అన్నారు. జనం గొల్లుమన్నారు. ఓంప్రకాశ్ మైకు పక్కవాడికి ఇచ్చి యమునను టీ బండి పక్కకు పిలిచాడు. కిషన్ రావు బండికి అవతల ఫోన్ చూసుకుంటున్నట్టు నిలబడ్డాడు.

“చూడమ్మా, నా ఉద్యోగం ఇరవై ఏండ్లది. పరువు తీస్తె ఊరుకోను. ఆ ముసల్దాని కోసం నన్ను బద్నాం చేస్తానవా? ఆమె ఎవరో తెలుసా నీకు? భక్తి లేదు, పాడు లేదు. పిండేసిన నిమ్మచెక్కలు పెట్టి ఊరందరిని మోసం చేస్తాంది!”

యమున ఒక అడుగు దగ్గరికి వేసింది.

“మళ్ళ చెప్పండ్రి?”

“మోసం చేస్తాంది అన్న.”

“దాని ముందటిది.”

ఆయన చూపు గుంత వైపు మళ్ళింది.

“ఈ తొవ్వల రెండు నెలల సంది వేల మంది పోయిన్రు,” అంది యమున. “ఆ చెక్కలల్ల రసం ఉన్నదో లేదో ఒక్కరికి తెల్వదు. ఎందుకంటే దిష్టి దగ్గరికి ఎవ్వడు పోడు, వంగి ఎవ్వడు చూడడు. శనివారం నాటివి పోలీసులు చీపురుతోని సంచిల ఊడ్చి సీలేసిన్రు. మరి పిండినయని నీకెట్ల తెలిసింది? ఒక్క మనిషికే తెలుస్తది సార్. పక్కన నిలబడి, కిందికి చూసుకుంట, కాలితో నెట్టినోనికి.”

బండికి అవతల ఫోన్ జేబులో పడ్డ చప్పుడైంది. కిషన్ రావు ఇవతలికి వచ్చాడు.

“ఉత్తదే అని తెలిసింది,” అంది యమున. “తెలిసినంక కూడ బూట్లు ఇడిసిపోయినవ్. ఏం మనిషివయ్యా?”

ఓంప్రకాశ్ ముఖంలో భయం ఎంతోసేపు నిలవలేదు. దాని స్థానంలో ఇంకేదో వచ్చింది. గొంతు తగ్గించాడు.

“సరే. కోర్టుల చెప్పుకో. కానీ ఎట్ల చెప్తవ్? దిష్టి జరిపిండని చెప్పాలంటే, అది గుంత ముందట ఎందుకుండెనో చెప్పాలె. ముసల్దాని నాటకం మొత్తం చెప్పాలె. రేపు పేపర్ల వస్తది. ఎల్లుండి ఈ గుంతల ఇంకొకడు పడితే? వాని చావు నా మీద కాదు. నీ మీద.”

యమునకు ఒట్టు గుర్తొచ్చింది. ఆమె తిరిగి చూసేసరికి పోశవ్వ అక్కడే ఉంది, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ. అంతా విన్నది.

“అవ్వా, నేను ఒట్టు పెట్టిన…”

“పెట్టినవ్. నేనే తీసేస్తాన.” పోశవ్వ ఓంప్రకాశ్ దగ్గరికి వచ్చి నిలబడింది. “చెప్పు బిడ్డా. అందరికి చెప్పు. గీ సారు లెక్కనే నేను కూడ అనుకున్న, దాచిపెడితేనే మనుషులు బతుకుతరని. గుంత పూడ్చుమని అడగాల్సింది పోయి రెండు నెలలు నిమ్మచెక్కలు పెట్టుకుంట కూసున్న. నేను దాచినందుకే గీయనకు జరిపే సందు దొరికింది.”

చీకటి పడుతోంది. కాజీపేట వైపు నుంచి బండ్ల లైట్లు మొదలయ్యాయి. గుంత ముందు ఇవాళ ఏమీ లేదు. పోలీసులే ఊడ్చేశారు.

ఆ సంగతి అందరికంటే ముందు కిషన్ రావుకు తట్టింది. ఓంప్రకాశ్‌ను కానిస్టేబుల్‌కు అప్పగించి, తనే జీపెక్కాడు. జీపును తెచ్చి గుంత అంచున అడ్డంగా ఆపాడు. ముందు లైట్లు గుంతలోకి కొడుతున్నాయి.

“పూడ్చేదాక ఈ జీపు ఈడికెళ్ళి కదలదు,” అన్నాడు, ఎవరి ముఖమూ చూడకుండా. “పైవాళ్ళు అడిగితే రిపేరు అని చెప్త.”

“సార్, ఆగుండ్రి. లైట్లు ఆర్పకుండ్రి,” అంది యమున.

రెండు రోజుల ఎండకు గుంతలో నీళ్ళు తగ్గాయి. అడుగున బురదలో ఏదో మెరుస్తోంది. జీపు లైటు పడగానే నిప్పులాగా ఎర్రగా మెరుస్తోంది.

ఇంకో కానిస్టేబుల్ కట్టెతో పైకి లాగాడు. బోర్డు. ‘ప్రమాదం, ముందు గుంత ఉంది.’ కుడి మూలన పిడికిలంత సొట్ట. కింద ఊరి పేరు అంటించిన స్టిక్కర్: మడికొండ మలుపు.

అన్ని బోర్డులకు ఒకటే సొట్ట ఎట్ల ఉంటది బిడ్డా?

యమున గోరుతో స్టిక్కర్ అంచు లేపింది. కింద ఇంకో స్టిక్కర్. బడి మూల. దాని కింద ఇంకోటి. రైలు గేటు తొవ్వ. దాని కింద దవాఖాన ఎనక సందు. తడిసిన కాగితాలు ఒకదాని వెనక ఒకటి ఊడి వస్తూనే ఉన్నాయి.

“అన్ని బోర్డులు లేవు సార్. ఒకటే బోర్డు. యాడికి పోతె ఆడి పేరు అంటించి ఫోటో కొట్టి, అన్నిటికి బిల్లులు ఎత్తిన్రు. సదానందం గారు ఫోటోలల్ల సొట్టను పట్టుకున్నడు. అందుకే బోర్డును గీ నీళ్ళల్ల ముంచి, ఆయనను పిలిచి చంపిన్రు.”

కిషన్ రావు ఊడిన స్టిక్కర్లను అరచేతిలో పెట్టుకుని చదివాడు.

“అంటే గీ జాగలన్నిట్ల…”

“గుంతలు ఉన్నయ్. బోర్డులు లేవు. చీకటి పడ్డది.”

“ఆడ పోశవ్వ అసుంటోళ్ళు ఎవరన్న ఉన్నరా?”

బడి మూలన ఈపాటికి ట్యూషన్లు వదిలి ఉంటారు.

వెనక రేకు డబ్బా చప్పుడైంది. పోశవ్వ బండి మీది నిమ్మకాయల బుట్ట, కుంకుమ పొట్లం, డబ్బా అన్నీ చంకన పెట్టుకుని ఎక్కి పోవడానికి బండి వెతుక్కుంటోంది.

“జీపు ఈడనే ఉంటదంటివి కద సారూ. మరి ఆ వ్యానన్న తియ్యమను, ముందుగాల బడి మూల కాడికి పోదాం,” అంది రవాణా విభాగం వ్యాను వైపు చూపిస్తూ. “పేపర్ల రేపు కద వచ్చేది. ఈ ఒక్క రాత్రి జనం ఇంక భయపడ్తరు.”